మూడో గదిలో అద్దాలు

బడి గంట కొట్టడానికి ముప్పావుగంట ముందే వచ్చి వెర్నా లహ్తి అద్దాలు తుడిచేది. ఇరవై ఒక్క చేతి అద్దాలు, అరచేతికన్నా కాస్త పెద్దవి, చుట్టూ ప్లాస్టిక్ అంచు ఉన్నవి. ఒక గిన్నెలో వెనిగర్ కలిపిన నీళ్ళు, పక్కన భర్త ఆర్వో పాత ఫ్లానెల్ చొక్కాలోంచి చింపిన ముక్క. నిన్నటి ముక్కు మరకలు, నాలుక మరకలు, జామ్ అంటిన వేలిముద్రలు పోయేదాకా తుడిచి ఒక్కో బుల్లి బల్ల మీద ఒక్కోటి బోర్లా పెట్టేది. బోర్లా ఎందుకంటే, వెల్లకిలా పెడితే పిల్లలు కోటు కూడా విప్పకుండానే కోతి మొహాలు మొదలుపెడతారు. చివరి అద్దం మాత్రం తన మొహానికెదురుగా పట్టుకునేది. పాటగాళ్ళు కచేరీకి ముందు గొంతు సవరించుకున్నట్టు, మ్, ఫ్, స్, ట్ అని ఒక్కో శబ్దం పలికి, పెదవులు సరిగ్గా కదులుతున్నాయో లేదో చూసుకుని, అప్పుడు తలుపు తాళం తీసేది.

ఆల్డర్ హార్బర్ అనే ఆ ఊళ్ళో బడి ఒక్కటే, కిండర్‌గార్టెన్ తరగతీ ఒక్కటే. అది మూడో గది. ఐదేళ్ళు నిండిన ప్రతి పిల్లా ఆ గదిలోంచే లోకంలోకి వెళ్ళాలి. కిటికీలోంచి సుపీరియర్ సరస్సు కనిపించేది, జనవరిలో మంచు కిటికీ అంచుదాకా పేరుకుని దాన్ని మూసేసేవరకు. వెర్నా ఇరవయ్యారేళ్ళుగా ఆ గది దాటి ఇంకే తరగతికీ చెప్పలేదు. పెద్దవాళ్ళ మీటింగుల్లో ఆవిడకి మాట పెగలదు. నలుగురున్న చోట కాఫీ కప్పు పట్టుకుని గోడకి జరుగుతుంది. మూడో గదిలో మాత్రం ఆవిడ గొంతు పైకప్పు తాకేది.

అక్షరాల విషయంలో ఆవిడ పద్ధతి ఆవిడది. ఇంగ్లీషులో ప్రతి అక్షరానికీ ఒక పేరుంటుంది, పనిచేసేటప్పుడు అది చేసే చప్పుడు ఇంకోటి. ఎమ్ అన్నది పేరు, మ్ అన్నది చప్పుడు. చాలామంది టీచర్లు పేర్లతో మొదలుపెడతారు. వెర్నా నవంబరు దాకా పేర్లు చెప్పేదే కాదు. "పేరు తర్వాత అడుగుదాం. ముందు అదేమంటోందో వినండి," అనేది. పిల్లలు అద్దం ఎత్తి నోటిలోకి చూసుకోవాలి. పెదవులు మూస్తే మ్. పైపళ్ళు కింది పెదవి మీద ఆనిస్తే ఫ్. పళ్ళు దగ్గరపెట్టి గాలి వదిలితే స్. అంతే, అక్కడితో ఆగిపోవాలి. చివర 'అ' కలిపి మ, ట అన్నారో, ఇరవై మంది ఒకేసారి "తోక, తోక" అని అరిచేవాళ్ళు. గదిలో సహాయకురాలు బెర్నీస్ రెండు వేళ్ళతో కత్తెర పెట్టి ఆ కనిపించని తోకని కసుక్కున కోసేది. తోకలతో పలికినవాళ్ళు చప్పుళ్ళని ఎంత గబగబా కలిపినా మాట పుట్టదు. తోకలు కోసేస్తే ఒకరోజు మ్, యా, ట్ ఒకదానికొకటి అతుక్కుని 'మ్యాట్' అయి నోట్లోంచి ఊడిపడుతుంది. పలికిన పిల్లే ముందు ఉలిక్కిపడుతుంది.

ఈ అద్దం సంగతి వెర్నా ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. ఏడేళ్ళొచ్చేదాకా ఇంట్లో అమ్మమ్మతో ఫిన్నిష్ మాటే. బడిలో 'ఫిష్' అనమంటే 'విష్' అనేది, తరగతంతా నవ్వేది. అమ్మమ్మ అలంకరణ బల్ల ముందు నిలబడి, పక్కింటావిడ నోరు ఎలా పెడుతుందో గుర్తుచేసుకుని, పళ్ళు పెదవి మీద ఆనించి ఎన్ని సాయంత్రాలు ఊదిందో లెక్కలేదు. ఆ చప్పుడు వచ్చిన రోజున ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నవ్వనివాళ్ళెవరూ లేరు.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. ఫిబ్రవరి దాకా బయటికి ఏమీ కనిపించదు. మిగతా బళ్ళల్లో పిల్లలు క్రిస్మస్‌కే అక్షరాల పేర్లన్నీ గడగడా చెప్పేసేవారు. వెర్నా పిల్లలు అద్దాల్లోకి చూస్తూ ఊదుతుండేవారు. ఫిబ్రవరిలో ఒకరు, మార్చిలో ఆరుగురు, ఏప్రిల్ నెలాఖరుకి పద్దెనిమిది పంతొమ్మిది మంది చిన్న చిన్న మాటలు చదివేసేవారు. పాత ప్రిన్సిపాళ్ళకి ఆ సంగతి తెలుసు. ఓపిక పట్టేవాళ్ళు.

కొత్త ప్రిన్సిపాల్ క్రెగ్ డుఫ్రేన్ దక్షిణం నుంచి, పెద్ద జిల్లా నుంచి వచ్చాడు. ఆయనతోపాటు నిమిషం పరీక్ష వచ్చింది. ఏడాదికి మూడుసార్లు, శరత్కాలంలో, చలికాలంలో, వసంతంలో, ఒక్కో పిల్ల ముందు అక్షరాలు చెల్లాచెదురుగా అచ్చేసిన కాగితం పెడతారు. స్టాప్‌వాచ్ నొక్కుతారు. నిమిషంలో నలభై అక్షరాల పేర్లు చెబితే గీతకి పైన, చెప్పకపోతే కింద.

"స్టాప్‌వాచ్ పెట్టి గుడ్లు ఉడకబెట్టడం చూశాను," అంది బెర్నీస్. "పిల్లల్ని ఉడకబెట్టడం ఇదే చూడ్డం."

ఆ చలికాలపు పరీక్షలో ఇరవై ఒక్క మందిలో తొమ్మిదిమంది గీతకి పైన వచ్చారు. డుఫ్రేన్ వెర్నాని తన గదికి పిలిచి కూర్చోమన్నాడు. మాట కటువుగా ఉండదు ఆయనది, అదే భయం.

"వెర్నా, మీరంటే ఈ ఊళ్ళో అందరికీ ప్రాణమని నాకు తెలుసు."

"ఎంతమంది కావాలి?" అంది వెర్నా.

"వసంతానికి పదిహేడు. నేను పెట్టింది కాదు, జిల్లా పెట్టింది. రాకపోతే వచ్చే ఏడాది కిండర్‌గార్టెన్ ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది."

"మరి నాకు?"

"ఏదో ఒకటి చూస్తాం. బడిలో పనికేం కొదవ?"

ఇంటికెళ్ళి ఆర్వోకి చెబితే, అతను మంచు తీసే పార గోడకి ఆనించి, "రిటైరవ్వరాదూ?" అన్నాడు. "ఇంకా మూడేళ్ళుంది" అంది వెర్నా. మూడేళ్ళు కాదు ఆవిడ చెప్పదలుచుకుంది. ఆ గదిలోంచి తీసేస్తే తను ఇంకెక్కడ మాట్లాడగలదు అని. అది నోటిదాకా రాలేదు.

వారం తిరక్కుండా జిల్లా నుంచి చదువు సలహాదారు వచ్చింది. వెర్నా తలుపు తీసి చూస్తే కెండ్రా నీమి. ఇరవై నాలుగేళ్ళ కిందట మూడో గదిలో కిటికీ పక్క బల్ల తనది. 'ర్' పలకలేక, ఎవరైనా పేరడిగితే బల్ల కిందకి దూరేది. వెర్నా కూడా బల్ల కిందకి దూరి, అద్దం పట్టుకుని, నాలుక వెనక్కి ఎలా మడవాలో చూపించేది. ఆర్నెల్లు పట్టింది. ఇప్పుడు కెండ్రా చేతిలో టాబ్లెట్ కంప్యూటర్, మెడలో తాడుకి స్టాప్‌వాచ్.

"మిసెస్ లహ్తి, మిమ్మల్ని ఇలా కలుస్తాననుకోలేదు," అంటూ కావలించుకుంది. తర్వాత రెండు రోజులు వెనక కూర్చుని రాసుకుంది. మూడో రోజు పిల్లలు వెళ్ళాక, బల్ల మీది అద్దం ఒకటి చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మళ్ళీ పెట్టేసింది.

"వీటిని కొన్నాళ్ళు లోపల పెడదామా?"

"నీకు అక్కర్లేకుండా పోయాయా?"

"నాకు కాదు మిసెస్ లహ్తి. ఇవి ప్రోగ్రామ్‌లో లేవు. పిల్లలు ఒక్కో చప్పుడికి పది నిమిషాలు తీసుకుంటున్నారు. పరీక్షలో చప్పుడు అడగరు, పేరే అడుగుతారు. వేగం కావాలి. నేనేం కల్పించి చెప్పట్లేదు, అంకెలు అలా ఉన్నాయి. మీ గది మీకే ఉండాలనే నా తాపత్రయం."

ఆ చివరి మాట నిజమే, వెర్నాకి తెలుసు. కెండ్రా ఒక ఫోల్డర్ ఇచ్చింది. అందులో రోజూ పొద్దున్నే చేయించాల్సిన సాధన కాగితం ఒకటి. పది వరసలు, వరసకి పది అక్షరాలు. మొదటి వరస టి, కె, ఎస్, ఓ, బి, యు, ఎమ్, హెచ్, ఎల్, జి.

నాలుగు రోజులు వెర్నా ఆ ఫోల్డర్ తెరవలేదు. ఐదో రోజు బూట్ల డబ్బాలో అద్దాలు పేర్చి, మధ్యమధ్య ఫ్లానెల్ ముక్కలు పెట్టి, అలమారా పై అరలోకి ఎక్కించింది. బెర్నీస్ చూస్తూ నిలబడింది.

"నీ ఇష్టం. నేనేం అనను," అంది బెర్నీస్. అలమారా తలుపు మూస్తూ, "అనాలంటే చాలా అనగలను," అంది.

కాగితాన్ని గోడ మీద పెద్దది చేసి చూపించి, చప్పట్లు కొడుతూ చెప్పించడం మొదలుపెట్టారు. పిల్లలకి అదెంత నచ్చిందంటే, మూడో రోజుకల్లా దానికో రాగం వాళ్ళే కట్టేశారు. టీ-కే-ఎస్-ఓ అని ఎక్కి, బీ-యూ-ఎమ్ అని దిగి, హెచ్-ఎల్-జీ దగ్గర కాలు నేలకేసి కొట్టేవారు. భోజనం వరసలో అదే, బూట్లు తొడుక్కుంటూ అదే, మంచు గుట్టల మీంచి జారుతూ అదే. కెండ్రా వచ్చి చూసి చప్పట్లు కొట్టింది.

ఆ తరగతిలో హార్లీ కోస్కి అనే అమ్మాయుంది. దుంగల లారీ తోలే ర్యాండీ కోస్కి కూతురు, ఆ పిల్లకి పెట్టింది తండ్రి ఇష్టపడి కొనుక్కోలేకపోయిన మోటార్‌సైకిల్ పేరు. నిదానం. అద్దాల రోజుల్లో జనవరి నాటికి ఆ పిల్లకి ఆరు చప్పుళ్ళు వచ్చేవి, కానీ ఆ ఆరూ కడిగిన గ్లాసుల్లా తేటగా వచ్చేవి. రెండో వారంలో ఒక పొద్దున వెర్నా హార్లీని చూసింది. పాట మూడో వరసలో ఉంది. గోడ మీద అక్షరాలు చూపిస్తున్న బెర్నీస్ కర్ర పొరపాటున ఏడో వరసకి జారింది. హార్లీ నోరు ఆగలేదు. ఆ పిల్ల తన బూటు జిప్పు వంక చూస్తూ పాడుతోంది. పక్కన ఇంకో ఐదారుగురు కిటికీలోని మంచు వంక చూస్తూ పాడుతున్నారు.

వీళ్ళు అక్షరాలు చూడట్లేదని వెర్నాకి అప్పుడే తెలిసింది. ఆపొచ్చు. వరసలు తారుమారు చేసి కొత్త కాగితం రాసుకోవడం ఐదు నిమిషాల పని. ఎలాగూ పరీక్షకి వేరే కాగితం వస్తుంది, అప్పుడు చూసుకోవచ్చు అనుకుంది. రోజూ పొద్దున అనుకుంటూనే ఉంది.

ఏప్రిల్ మొదటి వారంలో వసంతపు పరీక్ష. వరండాలో రెండు బుల్లి కుర్చీలు వేసుకుని కెండ్రా ఒక్కొక్కరినే పిలిచింది. తలుపు ఓరగా ఉంది. మొదటి పిల్లాడు నోరు తెరిచాడు. టీ-కే-ఎస్-ఓ. అదే రాగం. హెచ్-ఎల్-జీ దగ్గర కాలు కూడా కొట్టాడు. వెర్నా తలుపు దగ్గరికెళ్ళింది. కెండ్రా ఒళ్ళోని పరీక్ష కాగితం ఆవిడకి కనిపించింది. అదే కాగితం. ఫోల్డర్ సర్దేటప్పుడు కెండ్రా సాధన కాగితం అనుకుని వసంతపు పరీక్ష కాగితాన్నే అందులో పెట్టేసింది.

మూడో పిల్ల పాట అందుకునేసరికి కెండ్రాకీ అర్థమైంది. తలెత్తితే గుమ్మంలో వెర్నా. కెండ్రా మెడ దగ్గర్నుంచి ఎర్రబడింది. ఇద్దరిలో ఎవరైనా ఒక్క మాట అంటే అక్కడితో ఆగిపోయేది. కెండ్రా స్టాప్‌వాచ్ వంక చూసింది. వెర్నా తలుపు దగ్గరికి వేసింది.

ఇరవై ఒక్క మందిలో ఇరవై మంది గీతకి పైన. మిగిలిన ఒక్కడికి ఆవేళ చెవిపోటు. డుఫ్రేన్ స్వయంగా బేకరీ నుంచి యాలకుల రొట్టె తెచ్చి మూడో గదిలో కోయించాడు. రోడ్డువైపు ఉన్న బడి బోర్డు మీద ప్లాస్టిక్ అక్షరాలు ఎక్కించి, కిండర్‌గార్టెన్ ఇరవై ఒకటికి ఇరవై అనాల్సింది ఇరవైకి ఇరవై ఒకటి అని తిరగేసి పెట్టి, బెర్నీస్ నవ్వితే మళ్ళీ దింపి సరిచేయించాడు. "గది మీది, వెర్నా. ఆ మాట ఇంక ఎత్తను," అన్నాడు. వెర్నా రొట్టె ముక్క కాగితంలో చుట్టి కోటు జేబులో పెట్టుకుంది. అది వారం రోజులు అక్కడే ఉంది.

పది రోజుల తర్వాత సాయంత్రం, పిల్లల్ని ఇళ్ళకి పంపే వేళ, ర్యాండీ కోస్కి లారీ ఆపి దిగి వచ్చాడు. చేతిలో వార్తాపత్రికలో చుట్టిన పొగబెట్టిన చేప.

"ఇది మీకు టీచర్. నేనే పొగబెట్టాను. కాదనకండి."

"ఎందుకివన్నీ, ర్యాండీ?"

"ఎందుకేంటి? ఆ బోర్డు చూశాక రెండ్రోజులు లారీలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మా ఇంటా వంటా చదువు లేదు. నాకిప్పటికీ లోడు రసీదు చదవాలంటే వేలు పెట్టుకోవాలి. మా పిల్ల గీత దాటిందట." హార్లీ టోపీ కళ్ళ మీదికి లాగాడు. "కానీ చెప్పనా, మహా గడుగ్గాయి. పొద్దున సీరియల్ డబ్బా ముందు పెట్టి, ఏమే, ఈ అక్షరమేంటే అంటే, టీ-కే-ఎస్-ఓ అని మీ పాటెత్తుకుంటుంది. ఏ అక్షరం చూపించు, అదే పాట. నన్నే ఆట పట్టిస్తోందండీ. చూడండి, నవ్వుతోంది."

హార్లీ నవ్వట్లేదు. టోపీ కిందనుంచి వెర్నా వంకే చూస్తోంది, ఏదో తప్పు చేసి పట్టుబడకుండా ఉన్నదాని చూపు.

ఆ చేప వెర్నా ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. ఆర్వో అడిగితే, పక్కింటి పిల్లికి పెట్టమంది.

మర్నాటినుంచి రెండు రోజులు వెర్నా చెక్క అక్షరాలు ఒక సంచీలో వేసుకుని, పిల్లల్ని ఒక్కొక్కరినే దగ్గర కూర్చోబెట్టుకుంది. సంచీలోంచి ఒకటి తీసి, ఇదేమిటి అంటుంది. అంతే. ఇరవై ఆరిట్లో హార్లీకి తొమ్మిది వచ్చాయి. ఆ తొమ్మిదిలో ఆరు జనవరివే. మాటలు చదవగలిగినవాళ్ళు తరగతి మొత్తంలో ఏడుగురు. పద్దెనిమిది మంది చదవాల్సిన నెల అది. ఆ ఏడుగురూ ఎలాగైనా చదివేవాళ్ళే, వాళ్ళకి వెర్నా అవసరమే లేదు.

నోరు మూసుకుంటే గది ఉంటుంది. కానీ ఒకటో తరగతిలో, రోజూ అరగంట విడిగా కూర్చోబెట్టి నేర్పే టీచర్ దగ్గరికి గీతకి కింద ఉన్న పిల్లల్నే పంపుతారు. హార్లీ కాగితం మీద గీతకి పైన ఉంది. ఆ పిల్లని ఎవరూ పిలవరు. వెర్నా రెండు రాత్రులు నిద్రపోయింది, మామూలుగానే. మూడో రోజు పొద్దున హార్లీ చెయ్యి పట్టుకుని డుఫ్రేన్ గదికెళ్ళింది. కెండ్రా ఆరోజు బళ్ళోనే ఉంది. ఆమెనీ పిలవమంది.

రోజూ పాడించిన కాగితం బల్ల మీద పెట్టింది వెర్నా. వెనక్కి తిప్పింది. అచ్చులేని తెల్లటి వైపు.

"చదువమ్మా," అంది.

హార్లీ ఆ ఖాళీ కాగితం మీద వేలు పెట్టి, ఎడమ నుంచి కుడికి జరుపుతూ, టీ-కే-ఎస్-ఓ అని మొదలుపెట్టి, రెండు వరసలు ఎక్కడా తడబడకుండా చెప్పింది. హెచ్-ఎల్-జీ దగ్గర కాలు కొట్టబోయి, ప్రిన్సిపాల్‌గారి తివాచీ చూసి, ఆగి, మెల్లిగా ఆనించింది.

"చాలా బాగా చెప్పావు. గదికెళ్ళి బెర్నీస్ దగ్గర కూర్చో," అంది వెర్నా. తలుపు మూసుకున్నాక, "పిల్లలకి అక్షరాలు రావు," అంది. "పాట వచ్చు. తప్పు నాది. రెండో వారంలోనే తెలుసు నాకు. మళ్ళీ పరీక్ష పెట్టండి, వేరే కాగితంతో."

డుఫ్రేన్ కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. "పరీక్ష కాగితం మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

వెర్నా కెండ్రా వంక చూసింది. చాలాసేపే చూసింది. కెండ్రా ఒళ్ళోని టాబ్లెట్ మీద ఏదో వెతుకుతోంది. బల్ల కిందకి దూరిన పిల్ల వీపు వెర్నాకి బాగా గుర్తు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఉన్నా ఆ వీపు అలాగే ఉంది. అప్పుడైతే తనూ కిందకి దూరి ఓపిక పట్టింది. ఈసారి దూరలేదు.

"ఫోల్డర్‌లో ఉంది," అంది వెర్నా.

ఎవరి ఫోల్డరని డుఫ్రేన్ అడగలేదు. "ఫలితాలు పైకి వెళ్ళిపోయాయి వెర్నా. పరీక్షల గడువు అయిపోయింది. ఇప్పుడు నేను కెలికితే బడి మొత్తం మీద విచారణ పెడతారు, మిగతా తరగతుల అంకెలూ నమ్మరు. పిల్లలు ఒకటో తరగతిలో అందుకుంటారు, పిల్లలు కదా."

"అందుకోరు."

"అది మీ అభిప్రాయం."

"ఇరవయ్యారేళ్ళ అభిప్రాయం."

"ఆ ఇరవయ్యారేళ్ళున్నాయనే ఇది ఈ గది దాటనివ్వట్లేదు." కాగితం సొరుగులో పెట్టేశాడు. "కానీ మీరే చెప్పారు, తెలిసీ చేశానని. అది విన్నాక వచ్చే ఏడాది పసిపిల్లల తరగతి మీ చేతికి ఎలా ఇవ్వను? నా చోట మీరుంటే ఇస్తారా?"

వెర్నా ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "ఇవ్వను," అంది.

వరండాలో కెండ్రా వెనకే గబగబా వచ్చి అందుకుంది. "మిసెస్ లహ్తి, థాంక్స్. నేను చెబుదామనే... నాకిది ఇంకా మొదటి ఏడాది, ఉద్యోగం..."

మూడో గది గుమ్మంలో బెర్నీస్ నిలబడి ఉంది. చేతిలో అలమారా పై అరలోంచి దింపిన బూట్ల డబ్బా. జరిగిందేమిటో హార్లీ చెప్పినంతలో చెప్పేసినట్టుంది, మిగిలింది కెండ్రా మాటల్లో వినేసినట్టుంది.

"ఈ పిల్ల నోట్లో నాలుక తిప్పడానికి నువ్వు ఆర్నెల్లు నేల మీద పాకావు," అంది బెర్నీస్, కెండ్రా వంక చూడకుండా. "వృథా అయింది వెర్నా. మాట మింగడానికే వాడుకుంటోంది."

వెర్నా డబ్బా అందుకుంది.

మిగిలింది ఆరు వారాలు. అద్దాలు మళ్ళీ బల్లల మీదికొచ్చాయి. పాట మాన్పించడానికే మూడు వారాలు పట్టింది. అద్దంలో నోరు చూసుకుంటూ కూడా పిల్లలు టీ తర్వాత కే కోసం పెదవులు సిద్ధం చేసుకునేవారు. చప్పట్లకి అలవాటైన చేతులు అద్దాలు జారవిడిచేవి, రెండు పగిలాయి. జూన్‌లో బడి మూసేనాటికి హార్లీకి పదిహేను అక్షరాలు. ఆఖరి రోజు ఆ పిల్ల వెర్నా చెవి దగ్గరకొచ్చి, "నాకు పాటింకా వచ్చు, కానీ ఎవరికీ చెప్పను," అంది. రహస్యం దాస్తున్నాననుకుంది.

వెర్నా ర్యాండీ కోస్కికి కూడా చెప్పాలనుకుంది. ఆగస్టులో పెట్రోలు బంకులో ఎదురుపడితే చెప్పింది కూడా. అతను చాలాసేపు బూటు కొనతో నేల గీకాడు. "అంటే బోర్డు మీద రాసింది అబద్ధమా?" అన్నాడు. తర్వాత, "చేప తిన్నారా?" అన్నాడు. ఆవిడ జవాబు చెప్పేలోపే లారీ ఎక్కేశాడు. అతను హార్లీకి విడిగా నేర్పే టీచర్ కోసం బళ్ళో అడిగితే, అమ్మాయి గీతకి పైన ఉందని కాగితం తీసి చూపించారు.

ఇది జరిగి రెండేళ్ళయింది. కెండ్రా జిల్లా ఆఫీసులో ఇంకో మెట్టు ఎక్కింది. బెర్నీస్ మానేసింది. మూడో గదికి కొత్త టీచరొచ్చింది, మంచమ్మాయే, రోజూ పొద్దున గోడ మీద కాగితం, చప్పట్లు. కాగితం మాత్రం నెలకోసారి మారుస్తారు, ఆ జాగ్రత్త నేర్చుకున్నారు.

మొన్న భోజనాల హాల్లో హార్లీ పాల డబ్బా పట్టుకుని వెర్నా దగ్గరికొచ్చింది. అంటించేసిన వైపు గోళ్ళతో పీకి పీకి అట్ట చీలికలు చేసింది.

"ఎటువైపు తెరవాలో దీనిమీదే రాసుంటుందట. నిజమేనా మిసెస్ లహ్తి?"

"నిజమే."

"ఎక్కడ?"

వెర్నా 'ఓపెన్' అన్న మాట మీద వేలు పెట్టి చూపించింది. హార్లీ వంగి చూసింది. పెదవులు గుండ్రంగా పెట్టింది, సరిగ్గానే పెట్టింది, ఓ అన్న చప్పుడు తోక లేకుండా వచ్చింది. తర్వాతి అక్షరం దగ్గర ఆగి తలెత్తి వెర్నా నోటి వంక చూసింది, అద్దం కోసం చూసినట్టు. వెనక పదిహేనుమంది డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. తినడానికి బడిలో ఇచ్చేది ఇరవై నిమిషాలు. వెర్నా డబ్బా తీసుకుని, రెండోవైపు విప్పి, ముక్కు పైకి లాగి ఇచ్చేసింది.

హార్లీ ఈ ఏడాది మళ్ళీ ఒకటో తరగతే చదువుతోంది. వెర్నా రోజూ పదకొండింటికి బడికొస్తుంది, ఒంటిగంట దాకా పాల డబ్బాలు తెరిచి ఇస్తుంది, బల్లలు తుడిచి ఇంటికెళ్తుంది.